నాంపల్లి భట్టీ, మా ఇంటి కేకు

హైదరాబాదు చూడనివాళ్ళు మా వైపు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చూసినవాళ్ళు చదివి తప్పులు పట్టవచ్చు. రాసి పంపితే జవాబిస్తాను. జవాబివ్వడం నా అలవాటు. అందరికీ ఆ అలవాటు లేదని ఈ ప్రయాణంలోనే మరోసారి తెలిసింది.

నేను మెదక్ వైపు ఒక మిషన్ బడిలో హెడ్మాస్టరును. మా సంఘాల్లో క్రిస్మస్ కేకుకు కావలసినవన్నీ ఇంట్లో సిద్ధం చేస్తారు గాని, ఇంట్లో కాల్చరు. కట్టెల పొయ్యి మీద పెడితే అది కేకు కాకుండా ఇంకేదో అవుతుంది. అందుకని డిసెంబరు రాగానే పిండి, చక్కెర, వెన్న, గుడ్లు, ఎండుపళ్ళు మూటగట్టుకుని నాంపల్లిలో ఒక బేకరీకి వెళతారు. అక్కడి ఉస్తాదు మన కళ్ళముందే అన్నీ గిలకొట్టి, బేకరీ డబ్బాలో పోసి, భట్టీలో పెడతాడు. డబ్బాలన్నీ ఒకే రకం. పేరు రాసిన కాగితం పెడితే భట్టీలో కాలిపోతుంది. కాబట్టి పిండి మీద ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకోవాలి. బయటికి తీశాక గుర్తు చూసి ఎవరిది వాళ్ళకిస్తారు.

1949లో నేను అలాగే వెళ్ళాను. బయల్దేరేటప్పుడు నా భార్య కరుణమ్మ ఒక మేకు తెచ్చి, "డబ్బా అడుగున గీత గియ్యండి, మా పెద్దమ్మ అట్లనే చేసేది" అంది. ఒకరి డబ్బా మీద గీతలు గీయడం మర్యాద కాదని మేకు అక్కడే పెట్టేశాను. జీడిపప్పు పలుకులతో పిండి మీద శిలువ పెట్టాను. అంతకంటే స్పష్టమైన గుర్తు ఉండదనుకున్నాను. అది కాలేలోపు అబిడ్స్ చూసి వచ్చాను. ఉస్తాదు శిలువ ఉన్న కేకు నా చేతిలో పెట్టాడు. ఇంటికి తెచ్చాను.

క్రిస్మస్ నాడు గుడి వెనక టీ దగ్గర దాన్ని కోశాం. అయ్యగారమ్మ, అంటే మా పాస్టరుగారి భార్య, ఒక ముక్క కొరికి, "కరుణమ్మా, ఈ యేడు వెన్న జర పొదుపు చేసినట్టున్నవ్" అంది. పన్నెండు మంది విన్నారు. వాళ్ళ పేర్లు నా దగ్గర ఉన్నాయి.

కరుణమ్మ మిగతా ముక్కలు పంచింది. ఇంటికి వచ్చాక, "అది నాది కాదు" అని మాత్రం చెప్పింది. మళ్ళీ కేకు జోలికి పోలేదు. అంతకు ముందు పదేళ్ళు మా సంఘంలో కేకు అంటే ఆమెదే. తర్వాత అయిదు క్రిస్మస్‌లు టీకి మేము అరటిపళ్ళు తీసుకెళ్ళాం.

ఆ కేకు మాది కాదని అక్కడికక్కడే చెప్పవచ్చు గదా అని మీరు అడగవచ్చు. చెప్పడానికి వీల్లేకపోయింది. ఆ యేడు కిస్మిస్ దొరకలేదు. ఆమె దాని బదులు ఎండిన ఇప్పపూలు వేయించి, చక్కెర పాకంలో నానబెట్టి వేసింది. మా కేకును గుర్తుపట్టాలంటే అదే సాక్ష్యం. కాని ఇప్పపువ్వు అంటే మా వైపు ముందు గుర్తొచ్చేది సారా. మద్యనిషేధం మీద పాస్టరుగారు నెలకొక ప్రసంగం చేసే సంఘంలో హెడ్మాస్టరు భార్య ఆ మాట ఎలా అంటుంది? ఇప్పుడు ఆమె అనుమతితోనే రాస్తున్నాను.

బేకరీకి నాలుగు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. అయిదోది రాసి, 1955 డిసెంబరులో నేనే పట్టుకుని బయల్దేరాను. ఆమె కేకు ఎవరింటికి పోయిందో తేల్చుకుని, అది మంచిదని వాళ్ళ నోట వినాలి. అంతే నా పని.

నాంపల్లి స్టేషను ముందు

స్టేషను ఎదుట వరసగా చాయ్ హోటళ్ళు ఉన్నాయి. పాలరాతి బల్లలు, నల్ల కుర్చీలు, గోడలకు అద్దాలు. మా ఊళ్ళో డబల్ రొట్టె జ్వరం వచ్చినవాళ్ళ తిండి. ఎవరింట్లోనైనా రొట్టె కనిపిస్తే పలకరించడానికి వెళతాం. నాంపల్లిలో ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళు పొద్దున్నే బహిరంగంగా బన్ను చాయ్‌లో ముంచుకుని తింటున్నారు. ఎవరూ వాళ్ళను పరామర్శించడం లేదు.

1949లో వాటిలో ఒక హోటల్లో నా తర్వాత వచ్చిన మనిషికి నాకంటే ముందు చాయ్ ఇచ్చారు. ఈసారి అదే కుర్చీలో కూర్చున్నాను. నా తర్వాత వచ్చిన ఇద్దరికి ముందు ఇచ్చారు. వడ్డించే ఆయనను పిలిచి ఆరేళ్ళ సంగతి చెప్పాను.

"సారు, మీరు ఏం కావాలని చెప్పలే గద" అన్నాడు. "గాళ్ళు చెప్పిన్రు."

"కూర్చున్నానంటే చాయ్ కోసమే గదా."

"చానామంది ఊకెనే కూసుంటరు."

చాయ్ ఒక అణా. బాగుంది. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

అబిడ్స్

అబిడ్స్ అనే పేరు ఒక పాత దుకాణదారుడిది అంటారు. ఆ దుకాణం ఎక్కడుండేదని అయిదుగురిని అడిగాను. అయిదు దిక్కులు చూపించారు. దిక్కులు నాలుగే అనుకున్నాను. అయిదోవాడు కిందికి చూపించి, మనం నిలబడ్డదే ఆ దుకాణం అన్నాడు.

పెద్ద రోడ్డు మీద దుకాణాలు ఆరేళ్ళలో చాలా మారాయి. అప్పట్లో ఒక టోపీల దుకాణం చూశాను. ఎర్ర రూమీ టోపీలు కుచ్చులతో సహా అద్దాల వెనక వరసగా ఉండేవి. ఇప్పుడు అదే అద్దాల వెనక గొడుగులు ఉన్నాయి. దుకాణదారుడు మాత్రం అతనే. టోపీలు ఏమయ్యాయి అంటే, "ఎవరు పెట్టుకుంటలేరు సాబ్. నెత్తి మీద ఏదో ఒకటి అమ్మాలె గద" అన్నాడు. పక్కన దర్జీ షేర్వానీలు కుట్టేవాడు. ఇప్పుడు ఆఫీసు గుమాస్తాలకు బుష్ కోట్లు కుడుతున్నాడు. గుండీలు తగ్గాయని అతని బాధ. షేర్వానీ మీద ఉన్నన్ని గుండీలు దేని మీదా ఉండవట.

బోర్డుల మీద ఇంగ్లీషు పెరిగింది, తెలుగు అక్కడక్కడ మొదలైంది. ఒక బోర్డు మీద మూడు తప్పులున్నాయి. లోపలికి వెళ్ళి చెప్పాను. ఒక రుమాలు కొంటే దిద్దిస్తామన్నారు. కొన్నాను. మర్నాడు వెళ్ళి చూశాను. దిద్దలేదు.

పాతవాళ్ళు ఇంకా నిజాం నాణెం హాలీ సిక్కాలో ధర చెప్పి, ఇండియా సర్కారువారి కల్దారు రూపాయలు పుచ్చుకుంటారు. వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

భట్టీ దగ్గర

మధ్యాహ్నం బేకరీకి వెళ్ళాను. బేకరీ పేరు రాయను. పేరు రాస్తే ఫిర్యాదు అవుతుంది. ఇది యాత్రా కథనం.

ముందు గదిలో అద్దాల బీరువాలు, నాన్‌ఖటాయీలు, ఖారీ బిస్కెట్లు. వెనక గదిలో గోడలోకి కట్టిన భట్టీ. దాని నోరు మనిషి నడుమంత ఎత్తున ఉంటుంది. కట్టెలు వేసి కాల్చి, నిప్పులు పక్కకు లాగి, ఆ వేడి మీదే పొడుగు కర్ర తెడ్డుతో డబ్బాలు తోస్తారు. వాకిట్లో మూటలతో పదిమంది కూర్చున్నారు. అందరూ మావాళ్ళే. ఒక్కొక్కరూ తమ గుడ్లను తామే కాపలా కాస్తున్నారు.

యజమానిని అందరూ సేఠ్ అంటారు. అరవై ఏళ్ళు ఉంటాయి. నా పేరు చెప్పగానే లేచి, ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి మూత తీశాడు. అందులో నా నాలుగు ఉత్తరాలు ఉన్నాయి.

"అన్నీ అందినయి సారు" అన్నాడు.

"జవాబు ఎందుకివ్వలేదు?"

"తెలుగుల రాసిన్రు. నాకు మాట్లాడొస్తది, చదవరాదు. ఉస్తాద్‌కు ఏదీ చదవరాదు. అయినా పారేయలే. పెద్దమనిషి రాత లెక్క ఉన్నదని దాచిన."

నాకు ఉర్దూ వచ్చు. పదిహేనేళ్ళు ఉర్దూలోనే అర్జీలు రాశాను. 1948 తర్వాత ఇక తెలుగులోనే రాస్తానని పట్టుబట్టాను. ఆ పట్టు సరైనదే. దానివల్ల ఆరేళ్ళు ఆలస్యమైంది.

సేఠ్ నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించి, ముందు బేకరీ సంగతి చెప్పాడు. వాళ్ళ నాయన మొదట గోరా దొరలకు, దవాఖాన రోగులకు రొట్టె కాల్చేవాడట. ఊళ్ళోవాళ్ళు అటు చూసేవాళ్ళు కాదు. తర్వాత చాయ్ హోటళ్ళు వచ్చి బన్ను అడిగాయి. నవాబుల దేవిడీల నుంచి, అంటే వాళ్ళ మహళ్ళ నుంచి, పెళ్ళిళ్ళకు పళ్ళేలకు పళ్ళేలు బిస్కెట్లకు కబురొచ్చేది.

"గిప్పుడు దేవిడీలు బంద్ అయినయి" అన్నాడు. "ఇస్కూలు పిల్లలు, ఆఫీసు బాబులు తింటున్రు. డిసెంబరుల మీరొస్తరు. మీ పండుగ లేకుంటె చలికాలం ఈ భట్టీ ముందల నేనొక్కన్నే కూసుంటుంటి."

ఇలాంటి మాటలతో అసలు విషయం పక్కదారి పడుతుందని నాకు తెలుసు. అయిదో ఉత్తరం తీసి పైకి చదివాను. మూడు పేజీలు. ఉస్తాదు పిండి కలుపుతూనే విన్నాడు. మెలితిరిగిన చేతులు, బొమికలు తేలిన మనిషి. నేను ముగించాక అడిగాడు.

"సారు, గుర్తు ఏం పెట్టిన్రు?"

"శిలువ. జీడిపప్పుతో."

ఉస్తాదు చేతులు ఆగాయి. "ఆ దినం ముప్పై ఒక్క డబ్బాలు పెట్టిన. నాకు యాదికున్నది. అంత పెద్ద దినం మల్ల రాలే. ముప్పై డబ్బాల మీద శిలువనే ఉండె. జీడిపప్పుదే."

వాకిట్లో కూర్చున్నవాళ్ళు మూటలు చూసుకున్నారు.

"మిగిలిన ఒక్కటి?"

"ఒకాయన గుర్తు పెట్టుడు మర్చిపోయిండు. ఆయనది ఆయనకు సక్కగ పోయింది."

నేను ఉత్తరం మడిచి సంచీలో పెట్టుకున్నాను. ఉస్తాదే మళ్ళీ అన్నాడు. "నేనేం చేస్త సారు? అన్ని మీ దేవుని గుర్తే. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనొద్దని వరసల ఇచ్చిన."

దీనికి నా దగ్గర సమాధానం ఉంది. ఆ రోజు తట్టలేదు.

సేఠ్ నెమ్మదిగా అన్నాడు. "మీ లెక్కనే ఇంకొకామె ఉన్నది సారు. రాహేలమ్మ. టేషన్ ఎనక లైన్లల్ల, కుట్టు మిషన్ ఇల్లంటె ఎవరైనా చెప్తరు. ఏటా వచ్చి కొట్లాడ్తది. ఆ యేటి కేకు ఒక్కటే మంచిగ చేసిన్రట, తర్వాత మోసం చేస్తున్నమట. అవే సామాన్లు తెస్తది, అదే ఉస్తాద్ చేస్తడు. రుచి వస్తలేదంటది."

"ఏ యేటి కేకు?"

"మీరు కొట్లాడుతున్న యేటిదే."

స్టేషను వెనక లైన్లు

మర్నాడు పొద్దున వెళ్ళాను. రైల్వేవాళ్ళ ఇళ్ళు, ఒకే గోడకు వరసగా. రాహేలమ్మకు యాభై దాటి ఉంటాయి. అబిడ్స్‌లో ఒక దుకాణానికి పిల్లల గౌన్లు కుడుతుంది. గడప దగ్గర నన్ను చూసి మిషను ఆపలేదు.

"బేకరోళ్ళు పంపిన్రా?"

"వాళ్ళు చెప్తే వచ్చానమ్మా."

"మాఫీ అడగనీకె పెద్దమనిషిని పంపిన్రన్నట్టు. సేఠ్ రాకూడదా?"

నేను ఎవరినో చెప్పాను. నమ్మలేదు. ఆ యేటి కేకు ఎలా ఉండిందని అడిగాను. అప్పుడు మిషను ఆపింది.

"ఎట్లుండెనా? ఇగో సారు, ఆ యేడు ఆగస్టుల మా ఆయన పోయిండు. రైల్ల గార్డు. పండుగ చేయొద్దనుకున్న. పిల్లలు ఏడుస్తున్రని ఉన్నదేదో పట్కపోయిన. తెచ్చి కోస్తె..." ఆమె దారం తెంపింది. "నేను ఏసినయి కానియి అండ్ల ఉండె. నల్లగ, మెత్తగ, కొరికితె తేనె లెక్క. కిస్మిస్ కాదు. పిల్లలు నవ్విన్రు. ఆ ఇంట్ల ఆగస్టు తర్వాత నవ్వుడు గప్పుడే."

"ఉస్తాదు వేశాడనుకున్నారా?"

"మరి? పాపమని ఏసిండనుకున్న. మరుసటేడు ఎందుకెయ్యలే అని కొట్లాడిన. ఉస్మాన్‌గంజ్ మొత్తం తిరిగిన సారు. ఖర్జూరం చూపిస్తరు, అంజీరు చూపిస్తరు. ఒకడు ఇది పండు కాదు, పురుగు అన్నడు."

"ఇది అంటే?"

ఆమె గుండీల డబ్బా తెచ్చి, అడుగున వెతికి, ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది. ఆరేళ్ళు ఎండి మిరియపు గింజలా నల్లబడింది. గోటితో నొక్కి చూశాను. లోపల బోలుగా ఉంది. ఇప్పపువ్వు తప్ప ఇంకేదీ అలా ఉండదు.

ఇప్పపూల సంగతి ఎవరికీ చెప్పనని కరుణమ్మ నాతో మాట తీసుకున్న విషయం గుర్తొచ్చింది. అయినా ఇంతదూరం వచ్చింది దీనికోసమే. చెప్పేశాను.

"సారా పెడ్తరు, ఆ ఇప్పపువ్వా?"

"అవును. కాని ఇందులో సారా లేదు. నా భార్య వేయించి పాకంలో వేసింది."

ఆమె ఆలోచించింది. "మా సంఘ పెద్దకు రెండు ముక్కలు పెట్టిన."

"ఏమన్నాడు?"

"మూడోది అడిగిండు."

 తర్వాత ఆమె అడగవలసిన ప్రశ్న అడిగింది. "మరి నాది మీకొచ్చిందా? ఎట్లుండె?"

ఆ కేకు గురించి నేను అయిదు ఉత్తరాలు రాశాను. ఇటుక అన్నాను. మాడు అన్నాను. అయిదో ఉత్తరంలోనే 'వెన్న పొదుపు' అనే మాట నాలుగు చోట్ల ఉంది. ఉత్తరం నా సంచీలోనే ఉంది.

"మావాళ్ళు తిన్నారమ్మా" అన్నాను.

"అంటె బాగలేకుండె." ఆమె మళ్ళీ మిషను ముందు కూర్చుంది. "వెన్న తక్కువైంది, నాకెరుకనే. ఇంట్ల ఉన్నదంత ఏసిన సారు. ఉన్నదే గంత."

నేను ఏమీ దాచని మనిషినని మా ఊళ్ళో పేరు. అయ్యగారమ్మ మాట ఆమెకు చెప్పలేదు.

కాగితం అడిగాను. రాసిచ్చింది. 'మీరు చేసిన కేకు నేను తిన్న అన్ని కేకులకన్న మంచిది. ఆరేండ్లు వెతికిన. దేవుడు మిమ్మల్ని దీవించును గాక.' రెండు తప్పులున్నాయి. దిద్దలేదు.

మొజంజాహీ మార్కెట్

బస్సుకు టైముంది. రాళ్ళతో కట్టిన ఆ పెద్ద మార్కెట్‌లో పళ్ళ దుకాణాల దగ్గర డజను బత్తాయిలు కొన్నాను. పక్కనే ఐస్‌క్రీము తిని లేచేటప్పుడు లెక్కపెడితే పదకొండు. పన్నెండోది నేను ఐస్‌క్రీము తింటుండగా సంచీలోంచి దొర్లిపోయిందని ఐస్‌క్రీము ఆయన అన్నాడు. అతనికెలా తెలుసని అడిగాను. చూశాడట. చెప్పవచ్చు గదా అన్నాను. "ఐస్‌క్రీం కరుగుతదని చెప్పలే" అన్నాడు. ఐస్‌క్రీము మాత్రం బాగుంది. మా ఊళ్ళో డిసెంబరులో అది తింటే జ్వరం వస్తుందంటారు. అప్పుడు డబల్ రొట్టె తినవచ్చు.

ఇంటికి

కరుణమ్మ కాగితాన్ని రెండుసార్లు చదివింది. మడిచి బైబిల్లో పెట్టింది. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"ఇప్పపూలని చెప్పిన్రా?"

"చెప్పాల్సి వచ్చింది."

"ఏమన్నది?"

సంఘ పెద్ద సంగతి చెప్పాను. నవ్వింది. రాహేలమ్మ వెన్న సంగతి కూడా చెప్పాను. నవ్వు ఆపింది.

కాగితాన్ని ఈసారి క్రిస్మస్ టీ దగ్గర పన్నెండు మంది ముందూ చదువుతానన్నాను. వాళ్ళలో ఇద్దరికి బదిలీ అయింది, వాళ్ళకు కార్డు రాసి పిలిపిస్తానన్నాను.

"చదవకండి" అంది. "తినమనండి."

తర్వాత అడగకూడనిది అడిగింది. "ఇంతకు కేకులు ఎందుకు మారినయంట?"

ముప్పై శిలువల సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు నా వైపు చూసింది.

"క్రిస్మస్ కేకు మీద అందరు శిలువనే పెడ్తరని మీకు తెల్వదా? మరేం పెడ్తరనుకున్నరు, ఏనుగు బొమ్మనా? మేకు ఇచ్చిన గద."

దీనికి కూడా నా దగ్గర సమాధానం ఉంది. తయారవుతోంది.

ఆమె పీట వేసుకుని అటక మీంచి ఒక కుండ దించింది. గుడ్డ విప్పింది. నిండా ఎండిన ఇప్పపూలు, మొన్నటి వేసవివి. ఆరేళ్ళుగా ఆమె కేకు చెయ్యలేదు. పూలు ఏరడం, ఎండబెట్టడం, పాతవి తీసి కొత్తవి పోయడం మాత్రం ఏ యేడూ మానలేదు. అదే ఇంట్లో ఉంటూ నేను ఈ సంగతి ఎరుగను. నాకెవరూ చెప్పలేదు.

మళ్ళీ నాంపల్లి

వారం తర్వాత రెండు మూటలతో వెళ్ళాను. రెండోది రాహేలమ్మది. పిండి, గుడ్లు దారిలో ఆమె ఇంటి దగ్గర అందుకున్నవి, పూలు, వెన్న మావి. వెన్న మా మూటలోకంటే ఆమె మూటలోనే ఎక్కువ ఉందని గమనించాను. కరుణమ్మను అడగలేదు.

వాకిట్లో పద్నాలుగు మంది ఉన్నారు. జీడిపప్పు శిలువలు అప్పటికే ఆరు భట్టీలోకి పోయాయి. నేను చెప్పి చూశాను. తమ శిలువను తాము గుర్తుపడతామని ఆరుగురూ అన్నారు.

నేను రెండు డబ్బాలు బోర్లించి, జేబులోంచి మేకు తీసి, మాదానికి ఒక గీత, రాహేలమ్మదానికి రెండు గీతలు గీశాను. ఉస్తాదు తెడ్డు పట్టుకుని నిలబడి చూశాడు.

"సారు, డబ్బాలు ఖరాబ్ చేస్తున్రు."

దాని మీద ఫిర్యాదు ఉంటే రాసి ఇమ్మన్నాను. ఉర్దూలో అయినా సరే అన్నాను.